చిన్నమ్మాయి రాళ్ళ ఫొటోలు

అక్క పెళ్ళి ఫొటోలకి టచింగ్ చేసింది చిన్నమ్మాయే. ఎవరి బుగ్గ మీద మచ్చ ఉన్నా, కళ్ళ కింద సంచులు దిగినా, నుదుటి మీద గీతలు పడ్డా ఆ స్టూడియోలో చిన్నమ్మాయి ముందుకే వస్తాయి. చదువు అయిన దగ్గర్నుంచీ ఆమెకి అదే పని. మొదట్లో సన్న కుంచెతో, సూదిలా చెక్కిన పెన్సిలుతో నెగటివ్ మీద దిద్దేది. ఇప్పుడు మౌసుతో దిద్దుతోంది. అక్క మాత్రం ముందే హెచ్చరించింది.

"నా ముడతల జోలికి వచ్చావంటే ఊరుకోను. ఒక్కోటీ ఎంత కష్టపడి సంపాదించుకున్నానో నాకే తెలుసు."

అంచేత వెలుతురు మాత్రం కాస్త సరిచేసి, పెళ్ళికూతురి మొహాన్ని ఎలా ఉన్నదాన్ని అలా వదిలేసింది. యాభై దాటిన మొహం. పళ్ళన్నీ కనపడేలా నవ్వుతోంది. పక్కన పెళ్ళికొడుకు కళ్ళజోడు సర్దుకుంటూ దొరికిపోయాడు.

చిన్నమ్మాయి అంటే ఏ పదహారేళ్ళ పిల్లో అనుకునేరు. ఆమెకీ యాభై దగ్గరపడుతున్నాయి. తల్లి పోయాక అక్కాచెల్లెళ్ళు ఒక మేడమీది గదిలో అద్దెకి దిగినప్పుడు, కింద ఉండే ఇంటావిడ ఒకరిని పెద్దమ్మాయనీ ఒకరిని చిన్నమ్మాయనీ పిలిచింది. ఆ పిలుపు మెట్లు దిగి వీధిలోకి వెళ్ళింది, వీధిలోంచి స్టూడియోకి పాకింది. చివరికి పాస్‌పోర్టు ఫొటో కోసం వచ్చిన కుర్రకారు కూడా "చిన్నమ్మాయిగారూ, మొటిమలు తీసేయరా" అనేవాళ్ళు.

తల్లి మంచం పట్టి చాలా ఏళ్ళు లేవలేదు. పగలు ఒకరు, రాత్రి ఒకరు వంతులేసుకుని చూసుకున్నారు. మొదట్లో సంబంధాలు తెచ్చేవాళ్ళు ఉండేవాళ్ళు. తరవాత తెచ్చేవాళ్ళకే ఓపిక పోయింది. తల్లి పోయేసరికి ఇద్దరికీ ఒకరి అలవాట్లు ఒకరికి ఎముకల్లో ఇంకిపోయాయి. కాఫీ పెట్టేది పెద్దమ్మాయి, గిన్నెలు తోమేది చిన్నమ్మాయి. వార్తలు వినేది పెద్దమ్మాయి, వాటిమీద విసుక్కునేది చిన్నమ్మాయి. సెలవురోజున ఒకరి తలకి ఒకరు రంగేసుకుని, పాత తువ్వాళ్ళు భుజాల మీద కప్పుకుని కిటికీ దగ్గర కూచుని, వీధిలో పోయేవాళ్ళ నడకల్ని చూసి కడుపు నొప్పెట్టేలా నవ్వుకునేవాళ్ళు. మూడో మనిషి అవసరం ఉందని ఎవరికీ తోచలేదు.

పెద్దమ్మాయి కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసేది. అక్కడికి లిఫ్టులు రిపేరు చేసే ఆయన ఒకడు కళ్ళజోడుకి చెవి మీది పుల్ల విరిగిందని వచ్చాడు. బాగుచేసి ఇచ్చింది. వారం తిరక్కుండా రెండో పుల్ల విరిగిందని వచ్చాడు. ఆ తరవాత మొదటిది మళ్ళీ విరిగింది.

"ఏంటోనే, ఆయన చెవులు ఇనప చెవుల్లా ఉన్నాయి," అని ఇంటికొచ్చి చెప్పింది పెద్దమ్మాయి.

"చెవులు కాదు, చేతులు చూడు," అంది చిన్నమ్మాయి. "తనే విరగ్గొట్టుకుని వస్తున్నాడు."

పెద్దమ్మాయి మొహం కందిపోయింది. చిన్నమ్మాయి అది చూసి చాలాసేపు ఏడిపించింది. భార్య పోయి ఒంటరిగా ఉంటున్న మనిషి, మాట తక్కువ, మంచివాడు. చిన్నమ్మాయే పూనుకుని మాట్లాడింది, చిన్నమ్మాయే బట్టలు కొనిపెట్టింది. పెళ్ళయ్యాక ఆయనకి వేరే ఊరు బదిలీ అయితే, "వెళ్ళక్కా, నాకేం భయం, నేనేం పసిపిల్లనా" అన్నదీ చిన్నమ్మాయే. బస్సు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపింది. ఇంటికొచ్చి, తాళం తీసి, చెప్పులు విప్పుతూ, "అబ్బ, ఏం ఉక్కగా ఉందక్కా" అంది. అన్నాక గుర్తొచ్చింది.

మంచి జరిగినప్పుడు వచ్చే దిగులుతో ఒక చిక్కుంది. ఎవరికీ చెప్పుకోలేం. అక్క పోయిందని ఏడిస్తే నలుగురూ వచ్చి కూచుంటారు. అక్క సుఖపడుతోందని ఏడిస్తే కుళ్ళుమోతుదంటారు. ఇంటావిడ మెట్ల దగ్గర ఆపి, "అదృష్టవంతురాలు మీ అక్క" అన్నప్పుడల్లా చిన్నమ్మాయి "అవునండీ" అని నవ్వేది. పైకొచ్చాక ఆ నవ్వు మొహం మీదే ఎండిపోయేది.

స్టూడియోకి సోమవారం సెలవు. మొదటి సోమవారం పొద్దున్నే లేచి రెండు కప్పుల కాఫీ పెట్టింది. ఒకటి తాగి, రెండోది చల్లారేదాకా చూసి, అదీ తాగింది. ఇల్లు తుడిచింది. తుడిచిన ఇల్లే మళ్ళీ తుడవబోయి, తన మీద తనకే కోపమొచ్చి, చీపురు పక్కన పడేసి బస్సెక్కింది. సముద్రం దగ్గర ఆ బస్సుకి దారి అయిపోతుంది.

అక్కడ ఇంకో కష్టం. తీరంలో ఎటు చూసినా జంటలు, కుటుంబాలు. ఒక ఆడమనిషి ఒక్కతీ ఇసకలో కూచుంటే ప్రతివాడికీ అనుమానమే. ఒకావిడ దగ్గరికొచ్చి, "ఏమ్మా, ఒంట్లో బాలేదా?" అని అడిగింది కూడా. ఆ జాలి భరించలేక లేచి వచ్చేసింది.

తరవాతి సోమవారం స్టూడియోలో మూలపడేసిన పాత కెమెరా ఒకటి ఓనర్ని అడిగి పట్టుకెళ్ళింది. ఫొటోల మీద మోజుతో కాదు. చేతిలో పని ఉన్న మనిషిని ఎవరూ జాలిగా చూడరని. మెడలో కెమెరా వేసుకుని, ఎవరో పంపిస్తే వచ్చినట్టు గబగబా నడుస్తూ, ఇసక అయిపోయి రాళ్ళు మొదలయ్యే దాకా వెళ్ళింది. అక్కడ జనం లేరు. కాళ్ళు నొప్పెట్టి ఒక బండ మీద కూచుంది. కూచుని కిందికి చూసింది.

బండ నిండా గీతలు. తేనెరంగు, ఇటికరంగు, పొగరంగు గీతలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, నరికిన దుంగ మీది వలయాల్లా తిరుగుతున్నాయి. వాటికి అడ్డంగా తెల్లటి చార ఒకటి, కత్తితో గీసినట్టు. ఊరికే కూచోవడం ఎందుకని ఒక ఫొటో తీసింది. ఇంటికెళ్ళి కంప్యూటర్లో పెట్టి పెద్దది చేసి చూసింది. అలవాటుకొద్దీ చెయ్యి మౌసు మీదికి వెళ్ళింది. ఏం దిద్దాలో తోచలేదు. ఎంతసేపు చూసిందో ఏమో, పొయ్యి మీద అన్నం అడుగంటిన వాసన వచ్చింది.

అప్పట్నుంచి సోమవారం కోసం ఎదురుచూడ్డం మొదలైంది. పని తెలిసిన చెయ్యే గానీ, రాళ్ళు తీయడం వేరని త్వరలోనే అర్థమైంది. నడినెత్తిన ఎండ ఉంటే గీతలన్నీ పాలిపోతాయి. వంగితే తన నీడే వచ్చి పడుతుంది. గులకరాళ్ళు నీళ్ళలో ఉన్నప్పుడు రంగురంగులుగా మెరిసి, చేతిలోకి తీసుకుని నాలుగడుగులు వేసేసరికి బూడిద రంగుకి తిరిగేవి. అందుకని సీసాతో నీళ్ళు పట్టుకెళ్ళి పోసి తీసేది. ఎండ మరీ ఎక్కువైతే గొడుగు మెడకీ భుజానికీ మధ్య ఇరికించుకుని, మోకాళ్ళ మీద కూచుని, ఊపిరి బిగబట్టి నొక్కేది. ఒక రాయి నిండా తేనెపట్టులా గుంటలు. ఒక గులకరాయికి నడుం చుట్టూ తెల్లటి పట్టీ, ఎవరో కూచుని కట్టినట్టు. అరచేతిలో పట్టేంత రాయి మీద కొండలూ, కొండల వెనక కొండలూ.

దారినపోయేవాళ్ళు ఆగి అడిగేవాళ్ళు, "ఏం పారేసుకున్నారండీ?"

"ఏం లేదండీ."

"చెవిపోగా? ఉండండి, నేనూ చూస్తాను." కొందరు వద్దన్నా వినకుండా తనతోపాటు వంగి వెతికేవాళ్ళు. ఏం పోయిందో తెలీకుండా ఇంత శ్రద్ధగా వెతికే జనం ఉంటారని చిన్నమ్మాయికి అప్పుడే తెలిసింది.

అక్కడ ఎత్తు కుర్చీలో కూచుని, లోతుకి వెళ్ళేవాళ్ళని ఈలేసి వెనక్కి పిలిచే కాపలాదారు ఒకాయన ఉండేవాడు. చిన్నమ్మాయి మనసులో ఆయనకి ఈలాయన అని పేరు పెట్టుకుంది. నీళ్ళు ఎప్పుడు వెనక్కి తగ్గుతాయో, ఏ బండ మీద నాచు జారుతుందో ఆయనే చెప్పేవాడు.

"మీ పని నయమండీ," అన్నాడు ఒకరోజు. "మీ రాళ్ళు పెట్టినచోట ఉంటాయి. నా మనుషులు ఒక్కరూ మాట వినరు."

అంతకుమించి వాళ్ళు మాట్లాడుకున్నది లేదు. కొన్ని సోమవారాలు రోజు మొత్తం మీద ఆమె విన్న మాటలు ఆయనవి మాత్రమే అయ్యేవి.

తీసిన ఫొటోలు అక్కకి పంపేది. పెద్దమ్మాయి మొదట్లో రోజూ ఫోన్ చేసేది. "ఇదేంటే, మాడిన రొట్టెలా ఉంది?" అనేది. "ఇది బావుంది, దీంతో చీర నేయిస్తే కట్టుకుంటా" అనేది. ఆ తరవాత రెండ్రోజులకోసారి, మూడ్రోజులకోసారి. మాట్లాడుతుండగా వెనక ఏదో చప్పుడు, మగగొంతు, నవ్వు. "ఉండవే, ఆయన నూనె డబ్బా ఎక్కడుందో తెలీక ఇల్లంతా వెతుకుతున్నారు, మళ్ళీ చేస్తా" అని పెట్టేసేది. అక్కకి నూనె డబ్బా ఎక్కడుందో తెలిసిన ఇల్లు ఇంకొకటి ఉందన్న సంగతి చిన్నమ్మాయికి ఫోన్ పెట్టేశాక చాలాసేపు గుచ్చుకునేది.

అన్ని రాళ్ళలోకీ ఆమె మనసు ఒక బండ మీద పడింది. మంచమంత బండ, చదునుగా, నీళ్ళు తగ్గినప్పుడు మాత్రం పైకి తేలేది. దాని మధ్యలో గుండ్రంగా చిన్న బూడిదరంగు చుక్క, చుట్టూ వలయం మీద వలయం, బండ అంచుల దాకా. మబ్బులో ఒకలా, పొద్దుటి ఏటవాలు ఎండలో ఒకలా, తడిగా ఉంటే ఒకలా. ఎన్నిసార్లు తీసినా ఫొటోలో పట్టేది కాదు. "ఇది ఫొటోలో చూస్తే లాభం లేదక్కా, నువ్వు రావాలి" అంది. ఇదిగో అదిగో అంటూ పెద్దమ్మాయి వాయిదాలేసి, చివరికి ఒక సోమవారం ఒక్కతే వస్తానంది.

చిన్నమ్మాయి పండగలా తయారైంది. గది సర్దింది, అక్క మంచం మీద ఉతికిన దుప్పటి పరిచింది. ఆ వారమంతా సముద్రం పోటుగా ఉందని, ఎవరినీ దిగనివ్వలేదని బస్సులో ఎవరో అనుకుంటుంటే విన్నది గానీ పట్టించుకోలేదు. రాళ్ళకేం అవుతుంది?

పెద్దమ్మాయి పొద్దున బస్సుకి దిగింది. కాస్త ఒళ్ళు చేసింది. జడ బదులు ముడి వేసుకుంది. ఆ ముడి చిన్నమ్మాయికి ఎందుకో నచ్చలేదు. ఇద్దరూ అట్నుంచటే తీరానికి వెళ్ళారు. దారిపొడుగునా చిన్నమ్మాయి ఆ బండ గురించే చెప్పింది. ఎప్పుడూ ఇసక అయిపోయే చోటు దాటారు. ఇంకా ఇసకే ఉంది. ఇంకాస్త నడిచారు. అప్పటికి రాళ్ళు మొదలవ్వాలి. మొదలవ్వలేదు. తువ్వాలు పరిచినట్టు నున్నటి ఇసక, అక్కడక్కడా పెద్ద బండల నెత్తులు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి.

"ఇక్కడే," అంది చిన్నమ్మాయి. అటు పరిగెత్తింది, ఇటు పరిగెత్తింది. "ఇక్కడే ఉండాలి."

"రాయి ఎక్కడికి పోతుందే, కాళ్ళొచ్చాయా?" అని నవ్వింది పెద్దమ్మాయి.

చిన్నమ్మాయి నవ్వలేదు. మోకాళ్ళ మీద కూచుని చేతులతో ఇసక తవ్వడం మొదలెట్టింది. తవ్విన గుంటలోకి నీళ్ళు ఊరి, పక్కలు కూలి, మళ్ళీ నిండిపోతోంది. ఈలాయన అది చూసి కుర్చీ దిగి వచ్చాడు.

"తవ్వకండమ్మా. గాలి మారింది కదా, పోటు ఇసక తెచ్చి పోసింది. ప్రతి ఏడూ ఈ రోజుల్లో ఇంతే. మీరు కిందటేడు రాలేదు కాబట్టి మీకు తెలీదు."

"మళ్ళీ ఎప్పుడు పోతుంది?"

"అది చెప్పలేం. ఒక్కోసారి తొందరగా పోతుంది. ఒకసారి రెండేళ్ళు ఉండిపోయింది." చిన్నమ్మాయి మొహం చూసి తన కుర్చీ దగ్గరికి వెళ్ళిపోయాడు.

చిన్నమ్మాయి ఇసకచేతులు ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. చిన్న పిల్ల ఏడ్చినట్టు, ముక్కు కారుతున్నా తుడుచుకోకుండా. పెద్దమ్మాయి పక్కన కూచుంది.

"రాయి కోసం కాదుగా," అంది.

చిన్నమ్మాయి వేళ్ళ మధ్య ఇసక దులుపుకుంది.

"ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఫోన్ చేసినప్పుడల్లా 'ఎలా ఉన్నావక్కా' అని అడిగి, ఆగి వింటావు చూడు. నేను బాగానే ఉన్నానంటే, ఇంకొంచెం సేపు ఆగుతావు. ఆయనతో నాకు పడట్లేదని చెబుతానేమోనని చూస్తున్నావు కదూ?"

ఆ మాట చిన్నమ్మాయి తనకి తాను కూడా చెప్పుకోలేదు. కాదందామని నోరు తెరిచింది. ఎదురుగా కూచున్నది అక్క. జ్వరం వచ్చినట్టు నటించినా, దొంగతనంగా పంచదార తిన్నా, మొహం చూసి పట్టేసిన మనిషి.

"అవును," అంది. "పెట్టె సర్దుకుని వచ్చేస్తావని. మెట్ల మీద చప్పుడైనప్పుడల్లా నువ్వేననుకుంటాను. నేనేం మనిషినక్కా? ఆయన మంచివాడు. నేనే కదా చేయించింది ఈ పెళ్ళి."

పెద్దమ్మాయి కొంగుతో చెల్లెలి ముక్కు తుడిచింది. "నువ్వే వెళ్ళి నేను ఉండిపోయినట్టయితే, నేను నీ మొగుణ్ణి రోజూ తిట్టిపోసేదాన్ని. నువ్వు నయం, రాళ్ళు చూసుకున్నావు."

చిన్నమ్మాయికి ఏడుపులో నవ్వొచ్చింది.

"కానీ విను," అంది పెద్దమ్మాయి. గొంతు మారింది. "నేను తిరిగి రాను. నాకక్కడ బావుంది. నిజంగా బావుంది. పొద్దున లేస్తే సంతోషంగా ఉంటోంది, ఈ వయసులో అది చెప్పుకోడానికి సిగ్గేస్తోంది కూడా. నువ్వు కావాలంటే మాతో వచ్చి ఉండు, ఆయనే అడగమన్నారు. అంతేగానీ నేను వచ్చేస్తానన్న ఆశ మాత్రం పెట్టుకోకు. నీకు అబద్ధం చెప్పి వెళ్ళలేను."

కెరటం ఒకటి వచ్చి వాళ్ళ పాదాల ముందు ఆగి వెనక్కి పోయింది.

"మీ ఇంటికి రానులే," అంది చిన్నమ్మాయి. "అక్కడ నూనె డబ్బా ఎక్కడుంటుందో నాకు తెలీదు."

పెద్దమ్మాయికి ఆ మాట అర్థం కాలేదు. అయినా చెల్లెలి చెయ్యి పట్టుకుని లేపింది. మధ్యాహ్నం ఇద్దరూ గదికి వచ్చి భోంచేశారు. పెద్దమ్మాయి గోడల నిండా అతికించిన ఫొటోలు ఒక్కోటీ దగ్గరికెళ్ళి చూసింది. "అన్నీ రాళ్ళే. ఒక్క మనిషీ లేడేమే?" అంది.

"మనుషులు వారం పొడుగునా స్టూడియోలో ఉంటారుగా. ఒక్కళ్ళకీ వాళ్ళ మొహం నచ్చదు," అంది చిన్నమ్మాయి.

సాయంత్రం బస్సుకి పెద్దమ్మాయి వెళ్ళిపోయింది. ఈసారి చిన్నమ్మాయి మలుపు దాకా చూడలేదు. బస్సు కదలగానే వెనక్కి తిరిగి నడిచింది. గదికొచ్చి కిటికీ మూసి, అక్క కోసం పరిచిన దుప్పటి మడతపెట్టింది. ఆ వారంలోనే ఇంటావిడ మేనల్లుణ్ణి సాయం అడిగి అక్క మంచాన్ని మేడ కిందికి దింపించేసింది. గది ఒక్కసారిగా పెద్దదైపోయింది. కొన్నాళ్ళు ఆ ఖాళీలోంచి నడవలేక గోడవారగా చుట్టూ తిరిగి వెళ్ళేది.

అక్క రాదన్న సంగతి గట్టిగా తెలిశాక దిగులు పోయిందా అంటే, పోలేదు. మెట్ల మీద చప్పుడుకి చెవులు రిక్కించడం మాత్రం తగ్గింది. ఆ రాళ్ళు ఇసక కిందే ఉండిపోయాయి. చిన్నమ్మాయి ఈలాయన్ని అడిగి, పడవల రేవు అవతల గులకరాళ్ళు తప్ప ఇంకేం లేని ఒడ్డు ఒకటుందని తెలుసుకుంది. అక్కడికి జనం రారు, కూచోడానికి చోటుండదు, నడిస్తే కాళ్ళు మెలికపడతాయి. సోమవారాలు అటు వెళ్ళడం మొదలెట్టింది.

ఒకరోజు వెలుతురు పోయేదాకా అక్కడే ఉండి, తడిసిన బట్టలతో తిరుగు బస్సెక్కింది. పక్క సీట్లో ఒక పెద్దావిడ కూచుంది. చేతులు సబ్బునీళ్ళలో నానినట్టు ముడుచుకుపోయి ఉన్నాయి, ఎక్కడో గిన్నెలు తోమో బట్టలు ఉతికో వస్తున్నట్టుంది. చిన్నమ్మాయి కెమెరా వెనక ఆ రోజు తీసినవి చూసుకుంటోంది.

"ఏంటమ్మా అవి?" అంది పెద్దావిడ.

"రాళ్ళండీ."

"ఏదీ, ఇలా చూపించు." ఒకటి చూసింది, రెండోది చూసింది. పచ్చటి రాయి మీద ఎర్రటి పాయలున్న ఫొటో దగ్గర ఆగి, "నరాల్లా ఉన్నాయే" అంది. ఇంకోటి చూస్తుండగానే ఆవిడ తల మెల్లగా వాలి, చిన్నమ్మాయి భుజం మీద ఆగింది. నిద్రపోయింది.

చిన్నమ్మాయి కదల్లేదు. బస్సు కుదుపులకి ఆవిడ తల జారకుండా భుజం కాస్త ఎత్తి పట్టుకుంది. జుట్టులోంచి చవక సబ్బు వాసన వస్తోంది. ఎవరి బరువైనా తన మీద ఆని ఎన్నాళ్ళయిందో గుర్తు తెచ్చుకోడానికి ప్రయత్నించి మానేసింది. తను దిగాల్సిన స్టాపు వచ్చింది. డ్రైవరు ఆపాడు, కండక్టరు ఇటు చూశాడు. చిన్నమ్మాయి తల అడ్డంగా ఊపింది. బస్సు కదిలింది.

చాలా దూరం పోయాక పెద్దావిడ ఉలిక్కిపడి లేచి, "అయ్యో, నీమీద పడిపోయానా తల్లీ" అంటూ సంచీ వెతుక్కుని దిగిపోయింది. ఆవిడ వెనకే చిన్నమ్మాయీ దిగింది. అది ఎప్పుడూ రాని వీధి. దుకాణాలు మూసేస్తున్నారు. ఎటు వెళ్ళాలో ఒకరిని అడిగి, తిమ్మిరెక్కిన భుజాన్ని రెండో చేత్తో నొక్కుకుంటూ, ఇంటివైపు నడవడం మొదలెట్టింది.